ముప్పై అయిదు వేలు పెట్టి హెడ్‌ఫోన్స్ కొన్నాక ఏం జరిగిందంటే

ముందు లెక్క చెప్పేస్తాను, ఎవరికి తెలిసినా మొదట అడిగేది అదే కాబట్టి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్స్‌కి 28,400. దాన్ని ఫోనుకి కలిపి, ఫోనులోని పాటని హెడ్‌ఫోన్‌కి సరిపడేంత గట్టిగా పంపే డాక్-ఆంప్‌కి 6,500. అంతకుముందు కొన్న మామూలు కనెక్టర్‌కి 450, అది ఇప్పుడు సొరుగులో పడి ఉంది. చీటీ పాడుకున్న డబ్బులు కాబట్టి ఈఎంఐల గొడవ లేదు. మా ఆయనకి చెప్పిన రేటు వేరు, అది ఇక్కడ అనవసరం.

నేను సంగీతం నేర్చుకున్నదాన్ని కాదు. విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. పొద్దున వంట చేసేటప్పుడు ఫోన్ స్పీకర్లో, సాయంత్రం బస్సులో ఆరొందల రూపాయల ఇయర్‌ఫోన్స్‌లో పాటలు వినేదాన్ని. దానికే తృప్తిగా ఉండేది కూడా. ఈ పురుగు నా బుర్రలో పెట్టింది హైదరాబాదులో ఉండే మా తమ్ముడు. 2025 సంక్రాంతికి వచ్చినప్పుడు తన హెడ్‌ఫోన్స్ నా తలకి తగిలించి ఒక పాట పెట్టాడు. నేను వందల సార్లు విన్న పాటే. మొదటి చరణం ముందు గాయని ఊపిరి పీల్చుకోవడం అందులో వినిపించింది. అది ఆ పాటలో ఉందని నాకు ఆ రోజు దాకా తెలీదు.

ఫిబ్రవరి మొదటి వారంలో ముందు మన ఊళ్ళోనే చూద్దామని ఏలూరు రోడ్డు, బీసెంట్ రోడ్డు తిరిగాను. సెల్ షాపుల్లో హెడ్‌ఫోన్స్ గోడ నిండా ఉన్నాయి, అన్నీ బ్లూటూతే. “వైరున్నవి ఇప్పుడెవరు కొంటున్నారు మేడమ్?” అన్నాడు ఒకబ్బాయి. ఓపెన్ బ్యాక్ కావాలంటే, “వెనక తెరిచి ఉంటుందా? దుమ్ము పోదా మరి?” అని నన్నే అడిగాడు. ఆ ప్రశ్న సబబే. బందరు రోడ్డు దుమ్ము తెలిసినవాడు అడగాల్సిన ప్రశ్న. పెట్టుకుని విని కొనుక్కునే చోటు నాకైతే మన దగ్గర దొరకలేదు.

ఫిబ్రవరి 16 ఆదివారం, ఒక ఫంక్షన్ కోసం హైదరాబాద్ వెళ్ళినప్పుడు తమ్ముడు ఒక షాపుకి తీసుకెళ్ళాడు. ముందు రోజే ఫోన్ చేసి టైమ్ తీసుకోవాలి. మెట్లెక్కి వెళ్తే చిన్న అద్దాల గది, ఏసీ, సోఫా. కొంటామో కొనమో అడగలేదు, కాఫీ కూడా ఇచ్చారు. మీరు వెళ్తే మీరు రోజూ వినే పాటలే ఫోన్లో పెట్టుకుని వెళ్ళండి. అక్కడ వాళ్ళు పెట్టేవన్నీ ఏ హెడ్‌ఫోన్‌లో అయినా బాగుండే రికార్డింగులే.

మొదట సెన్‌హైజర్ వాళ్ళదే హెచ్‌డీ 800 ఎస్ పెట్టారు. లక్ష దాటిన సరుకు. నేను తెచ్చుకున్న ఎనభైల నాటి పాటలో వయొలిన్లు చెవి దగ్గర కాకుండా భుజానికి అవతల ఎక్కడో మోగాయి, ఫ్లూటు ఇంకో పక్క. నిజంగానే నోరు తెరిచాను. తర్వాత ఘంటసాల గారి పాత పాట ఒకటి పెట్టుకున్నాను. ఆ కాలపు సినిమా పాటలు మోనో. రెండు చెవులకీ వెళ్ళేది ఒకటే శబ్దం కాబట్టి పాట మొత్తం తల మధ్యలో ఒక్క చోటే నిలబడిపోతుంది. లక్ష పెట్టినా అంతే, ఆరొందలు పెట్టినా అంతే. నేను వినే పాటల్లో సగానికి పైగా అలాంటివే. ఆ విశాలమంతా నాకు దేనికి?

ఆ తర్వాత హెచ్‌డీ 600. ఇందులో వయొలిన్లు అంత దూరం పోలేదు గానీ గొంతు మాత్రం గొంతులా ఉంది. పెద్ద దాంట్లో “స”, “శ” దగ్గర చెవిలో కాస్త గుచ్చుకున్నట్టు అనిపించింది, ఇందులో అది లేదు. తబలాలో ఎడమ చేతి దెబ్బ గంభీరంగా వచ్చింది. ఇది 1997లో వచ్చిన మోడలని, ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారని షాపతను చెప్పాడు. 1997లో నేను ఇంటర్ చదువుతున్నాను. నా ఫోన్లు రెండేళ్ళకే పాతబడిపోతుంటే, ఈ వస్తువు ఇన్నేళ్ళు అలాగే ఎలా నిలబడిందా అనిపించింది. దీనికి విడిభాగాలన్నీ దొరుకుతాయని, ప్యాడ్లు, వైరు, తల మీది స్పాంజి మనమే మార్చుకోవచ్చని చెప్పాక ఇక మనసులో ఖాయం చేసేసుకున్నాను.

షాపులో చెప్పిన రేటు కన్నా ఆన్‌లైన్‌లో పదిహేను వందలు తక్కువ కనబడింది. మార్చి 5న ఆర్డర్ పెట్టాను, 8వ తేదీ శనివారం వచ్చింది. డెలివరీ అబ్బాయిని నిలబెట్టి, మా అమ్మాయి చేత వీడియో తీయిస్తూ తెరిచాను. పెట్టె సీలు బ్లేడుతో కోసి, మళ్ళీ టేపు అతికించి ఉంది. లోపల వైరుకి రబ్బరు బ్యాండు. కుడి వైపు నల్లటి ప్యాడ్ మీద ఒక పొట్టి వెంట్రుక, హెన్నా రంగుది. ఎవరో కొని, పెట్టుకుని, నచ్చక తిప్పి పంపించిన ముక్క. అబ్బాయి పాపం, “నేనేం చెయ్యను మేడమ్, యాప్‌లో రిటర్న్ పెట్టండి” అన్నాడు.

రిటర్న్ పెట్టాను. తీసుకెళ్ళడానికి 13న వచ్చారు. ఆ తర్వాత డబ్బులు తిరిగొచ్చేదాకా టెన్షనే టెన్షన్. “తనిఖీలో ఉంది” అని ఒకటే మెసేజ్. కస్టమర్ కేర్ వాళ్ళకి వెంట్రుక సంగతి చెప్పడం కూడా ఇబ్బందే, “హెయిరా మేడమ్?” అని రెండుసార్లు అడిగారు. వీడియో ఉంది కాబట్టి ఆఖరికి మాట్లాడకుండా ఒప్పుకున్నారు. 19న డబ్బు కార్డులో పడింది. ఆ మర్నాడే హైదరాబాద్ షాపుకి ఫోన్ చేసి 28,400కి తేల్చుకున్నాను. 24 సోమవారం సాయంత్రం కొరియర్‌లో వచ్చింది. సీలు చెక్కు చెదరలేదు, బిల్లు మీద సీరియల్ నంబరుతో సహా ఉంది. వారంటీకి ఆ బిల్లే ఆధారం కాబట్టి ఫోటో తీసి పెట్టుకున్నాను. పదిహేను వందలు ఎక్కువిచ్చినందుకు ఇప్పటికీ బాధ లేదు.

ఇక ఆ రాత్రి సంగతి. పన్లన్నీ ముగించుకుని, వంటింటి లైటు ఆర్పి, పెద్ద ప్రయత్నంగా కూర్చున్నాను. వైరు మూడు మీటర్లు! సోఫా దగ్గర నుంచి గుమ్మం దాకా వస్తుంది. చివర లావు పిన్ను, చిన్న పిన్నుకి మార్చే అడాప్టరు పెట్టెలోనే ఉంది. నా ఫోనుకి ఆ చిన్న పిన్ను పెట్టే కన్నం కూడా లేదు కాబట్టి 450 రూపాయల కనెక్టరు. ఇవన్నీ ఒకదానికొకటి తగిలించి పాట పెడితే ఏముంది, చప్పగా ఉంది. వాల్యూమ్ చివరిదాకా పెంచితే గానీ సరిగ్గా వినబడలేదు. పక్కన నా ఆరొందల ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే అవే హుషారుగా ఉన్నాయి. కడుపులో దేవినట్టయింది. అర్ధరాత్రి తమ్ముడికి మెసేజ్ పెట్టాను. “అక్కా, అది 300 ఓమ్స్, అంటే కరెంటుకి అడ్డు ఎక్కువ. నీ ఇయర్‌ఫోన్స్ పదహారో ముప్పై రెండో ఉంటాయి. దానికి వోల్టేజీ చాలట్లేదు, నేను ఉగాదికి వస్తూ తెస్తాను” అన్నాడు.

ఉగాది ఆ 30న. 29 రాత్రి రైల్లో అగ్గిపెట్టెంత డాక్-ఆంప్ పట్టుకుని దిగాడు. పాత కనెక్టరు ఒక వోల్టు కూడా ఇవ్వదని, ఇది రెండిస్తుందని వాడి లెక్క. లెక్క ఎలా ఉన్నా, వాల్యూమ్ సగంలోనే పాట నిండుగా వచ్చింది. అద్దాల గదిలో విన్న గొంతు మళ్ళీ దొరికింది. కొనేవాళ్ళు ఈ ఖర్చు కూడా కలుపుకునే బడ్జెట్ వేసుకోవాలి. హెడ్‌ఫోన్ రేటు చూసి సరిపోతుందనుకుంటే నడిమధ్యలో ఆగిపోతారు.

ఉగాది పచ్చడి తిన్నాక తమ్ముడు నాకో పరీక్ష పెట్టాడు. ఒకే పాట, ఒకసారి లాస్‌లెస్, అంటే సీడీలో ఉన్నది ఏమీ పోకుండా ఉంచిన ఫైలు, ఒకసారి 320 కేబీపీఎస్, అంటే సెకనుకి 320 కిలోబిట్లకి కుదించింది. సీడీ నాణ్యత అంటే సెకనుకి 1,411 కిలోబిట్లు, అంటే రెండోదానికి నాలుగు రెట్ల పైన. ఏది ఏదో చెప్పకుండా మార్చి మార్చి పెట్టాడు. రెండిట్లోనూ వాల్యూమ్ ఒకేలా ఉండాలని పట్టుబట్టాడు, కొంచెం గట్టిగా మోగేది ఎప్పుడూ బాగున్నట్టే ఉంటుందట. నేను సగం సార్లు తప్పే చెప్పాను. వాడు కూర్చుంటే వాడూ అంతే, కాకపోతే వాడు ఒప్పుకోలేదు, “పాట సరైంది కాదు” అన్నాడు. కానీ ఎవరో క్యాసెట్ నుంచి ఎక్కించి యూట్యూబ్‌లో పెట్టిన కాపీకి, కంపెనీ వాళ్ళు పెట్టిన కాపీకి తేడా అడక్కుండానే చెప్పాను. కళ్ళు మూసుకుని చెప్పగలిగేంత తేడా అది. పాత పాటలకి కొందరు గుడిలో మైకులా ఎకో కలిపి పెడతారు చూశారూ, ఫోన్ స్పీకర్లో అది బాగానే ఉండేది, ఇందులో రెండు నిమిషాలు భరించలేకపోయాను. నా ప్లేలిస్టులో అలాంటివి చాలానే తేలాయి. వాటికి మంచి కాపీలు వెతుక్కోవడంతోనే ఏప్రిల్ సగం అయిపోయింది.

అసలు ఇబ్బంది ఏప్రిల్లోనే మొదలైంది. దాని గురించి నాకు ఎవరూ చెప్పలేదు.

ఈ హెడ్‌ఫోన్ కప్పుల బయటివైపు ఇనప జాలీ ఉంటుంది. లోపలి పాట బయటికి పోతుంది, బయటి చప్పుళ్ళన్నీ లోపలికొస్తాయి. హైదరాబాద్ అద్దాల గదిలో బయటి చప్పుడే లేదు కాబట్టి అది తెలీలేదు. మా ఇల్లు సత్యనారాయణపురంలో, బీఆర్‌టీఎస్ రోడ్డు వెనక సందులో. ఎండాకాలం ఫ్యాను అయిదులో తిరగాల్సిందే. పాటలో మంద్రంగా సాగే చోటల్లా ఫ్యాను గాలి, ఆ గాలిలో ప్రతి చుట్టుకీ ఒక “టక్”. మా ఫ్యానుకి ఆ టక్ ఉందని పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదటిసారి విన్నాను. మూడులో పెడితే కొంచెం నయం, పాట బాగుంటుంది, ఒళ్ళు తడిసిపోతుంది. ఆపితే చెప్పనక్కర్లేదు, మన ఊరి మే నెల ఎలా ఉంటుందో. ఏసీ ఉంది కదా అంటే, ఏసీతో పాటు ఫ్యాను కూడా తిరగాలి మా వాళ్ళకి. పైగా సందులో ఆటో హారన్లు, కుక్కర్ కూతలు, పక్కింట్లో సీరియల్. ఊగే గడియారం లోలకం దగ్గర్నుంచి అన్నీ నా పాటలో వాయిద్యాలే. ముప్పై వేలు పోసి కొన్న నిశితమైన శబ్దాన్ని మా ఇల్లు పది నిమిషాలు కూడా విననివ్వలేదు.

దీనికి తోడు లోపలి పాట బయటికి పోవడం ఇంకో ముచ్చట. ఒక రాత్రి మంచం మీద పడుకుని వింటుంటే అత్తయ్య గారు పక్క గదిలోంచి, “అమ్మాయ్, ఆ పాటేదో మాకూ వినబడుతోంది, ఇంకా చెవులకి అవెందుకే?” అన్నారు. మా ఆయన దుప్పట్లోంచి నవ్వారు.

పెట్టుకోవడం గురించి కూడా చెప్పాలి, ముఖ్యంగా ఆడవాళ్ళకి. వీటి గురించి రాసేవాళ్ళలో జడ, కమ్మలు ఉన్నవాళ్ళు తక్కువనుకుంటా. కొత్తలో ఇది తలని గట్టిగా నొక్కుతుంది. అరగంటకి కణతలు నొప్పి. రాత్రిళ్ళు దాని పెట్టెకే తొడిగి ఉంచితే రెండు మూడు వారాల్లో వదులైంది. ప్యాడ్లు కోలగా, చెవి మొత్తం మునిగేలా ఉంటాయి కాబట్టి కమ్మలైతే ఫర్వాలేదు, బుట్టలు పెట్టుకుంటే మాత్రం దిద్దు శీల చెవి వెనక దిగబడుతుంది. నేను ఇప్పుడు తీసి డబ్బాలో పెట్టి కూర్చుంటున్నాను. కళ్ళజోడు కాడ కూడా నొక్కుతుంది. ఇక కొబ్బరి నూనె. తలంటుకున్న రోజు తప్ప మిగతా రోజుల్లో నా జుట్టుకి నూనె ఉంటుంది, అది నేరుగా తల మీది స్పాంజికి పడుతుంది. నెల తిరక్కుండానే అక్కడ నిగనిగలాడే మచ్చ ఒకటి వచ్చింది. అప్పట్నుంచి పాత కాటన్ చున్నీ ముక్క తలకి కట్టుకుని, దాని మీద పెట్టుకుంటున్నాను. చూడ్డానికి బాగోదు. ప్యాడ్లు మఖ్మల్ లాంటి గుడ్డ కాబట్టి తోలులా చెమటకి అంటుకోవు, అది మాత్రం మేలు. కానీ మార్చుకోవాల్సి వస్తే ఒరిజినల్ ప్యాడ్లు వేలల్లోనే ఉన్నాయి.

మే రెండో వారంలో ఒక సాయంత్రం ఈదురుగాలి వచ్చి, నాలుగు చినుకులు గట్టిగా పడి, కరెంటు పోయింది. మా సందు మొత్తం చీకటి. ఫ్యాను లేదు, ఫ్రిజ్ లేదు, పక్కింటి సీరియల్ లేదు. వాన పడ్డందుకు కిటికీలోంచి చల్లగాలి. ఫోనులో ఛార్జింగ్ ఉంది, డాక్-ఆంప్ ఫోను కరెంటుతోనే నడుస్తుంది. తీసి పెట్టుకున్నాను. నేను పెట్టింది ఘంటసాల గారి పద్యం, పాట కూడా కాదు. వెనక తంబుర లాంటి శ్రుతి, దాని కింద పాత టేపు సన్నటి సుయ్ మనే చప్పుడు, పద్యం మధ్యలో ఆయన ఒక దీర్ఘం తీసి ఆపినప్పుడు గొంతు ఎక్కడ ఆగిందో, ఆ చివరి జీర ఎలా తగ్గిందో. మోనోనే, తల మధ్యలో ఒక్క చోటే ఉంది. అయితేనేం, మనిషి ఉన్నాడక్కడ. పద్యం ఎంతసేపు సాగిందో తెలీలేదు. కరెంటు వచ్చి ఫ్యాను తిరగ్గానే నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో కరెంటు వచ్చినందుకు విసుక్కున్నది నేనొక్కదాన్నే.

ఆ రోజు తర్వాతే నా పద్ధతి మారింది. సాయంత్రం వినడం మానేశాను. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, ఫ్యాను ఆపి, అయిదున్నర దాకా వింటాను. అప్పుడు దూరంగా స్టేషన్ వైపు నుంచి రైలు కూత తప్ప ఏమీ ఉండదు. ఎండాకాలంలో కూడా ఆ గంట కాస్త చల్లగా ఉంటుంది. వంటింట్లో, బస్సులో పాత ఇయర్‌ఫోన్సే. వాటితో వినడం పాడైపోతుందేమో, ఇక నచ్చదేమో అని భయపడ్డాను గానీ అలాంటిదేమీ లేదు. బస్సు చప్పుడులో ఏదైనా ఒకటే.

జూన్‌లో ఒక పొద్దున అత్తయ్య గారు నాతో పాటే లేచారు. వయసు మీద పడి చెవులు కొంచెం తగ్గాయి ఆవిడకి. బాలమురళీకృష్ణ గారిని పెట్టి తలకి తగిలించాను. ఆయన మా ఊరి రేడియోలో పనిచేసిన రోజుల్లో మొదలుపెట్టిన భక్తిరంజనితోనే ఈవిడకి చిన్నప్పుడు తెల్లవారేది. 1948 డిసెంబరు 1న మొదలైన స్టేషన్ అది. మా వైపే ఉన్న ఘంటసాల సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ కూడా ఆయనే. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత హెడ్‌ఫోన్ తియ్యకుండానే గట్టిగా, “రేడియోలో ఇంత దగ్గర కూర్చుని పాడేవారు కాదే” అన్నారు. సందులో పాలబ్బాయి వెనక్కి తిరిగి చూశాడు. ఇప్పుడు శనివారాలు పొద్దున ఆ గంట ఆవిడది. నన్ను ముట్టుకోనివ్వరు. సౌండు మాత్రం నేనే పెట్టి ఇస్తాను, ఆవిడ చేతికిస్తే చివరిదాకా పెంచేస్తారు.

ఒక్కసారి భయపెట్టింది. ఆగస్టులో ఎడమ వైపు ఉన్నట్టుండి ఆగిపోయింది. హైదరాబాద్ షాపుకి ఫోన్ చేస్తే, వైరు కప్పు దగ్గర ఊడదీసి పిన్నులు తుడిచి మళ్ళీ గట్టిగా నొక్కమన్నారు. నొక్కగానే వచ్చేసింది. అప్పటికే నేను బిల్లు ఫోటో వెతికి, కొరియర్ పెట్టె అటక మీంచి దించి, ఆఫీసుకి అరపూట సెలవు కూడా పెట్టేశాను.

తమ్ముడు ఊరుకోడు. బ్యాలెన్స్‌డ్ కేబుల్ వేస్తే ఇంకా బాగుంటుందట, దానికి తగ్గ పెద్ద ఆంప్ ఒకటి ఉందట. వాడికి రెండో చీటీ సంగతి తెలిసినట్టుంది. ఆ చీటీ మీద మా ఆయన కన్ను కూడా పడింది. దసరాకి ఇన్వర్టర్ పెట్టిద్దాం, కరెంటు పోయినా ఫ్యాన్లు ఆగవు అంటున్నారు. పెట్టించుకోమన్నాను, నా గదికి మాత్రం లైన్ ఇవ్వద్దన్నాను. ఎలక్ట్రీషియన్‌కి అదెందుకో చెప్పడానికి ఆయన నన్నే మాట్లాడమంటున్నారు.